మూత్రాశయం మొత్తం ఒకే ఫొటోలో కనిపిస్తే కెమెరా పరీక్ష తప్పుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 62 ఏళ్లు, బీడీల అలవాటుంది. మూత్రంలో రక్తం పడితే హైదరాబాద్‌లో చూపించాం. మూత్రాశయంలో గడ్డ ఉందని లోపలి నుంచే గీకి తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది, కండరం దాకా పోలేదన్నారు. 3 నెలలకు మళ్లీ కెమెరా పరీక్షకు రమ్మంటే నాన్న టెన్షన్ పడుతున్నారు. ఎండోస్కోప్ ఫొటోలన్నీ కలిపి మూత్రాశయాన్ని ఒకే పటంలా చూపించే పద్ధతి ఉందట. దానికోసం ఆగొచ్చా? ఇదంతా మా ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా?

డాక్టర్ సలహా: ఆగొద్దు. చెప్పిన తేదీకే నాన్నగారిని తీసుకెళ్లండి. ఈ క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ. పైపొరలో ఉండగా దొరికితే మళ్లీ గీకి తీసేయొచ్చు. కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తీసేయాల్సి రావచ్చు.

మీరు విన్న పద్ధతి నిజమే, మంచి ప్రయత్నం కూడా. కానీ ఆ పటం తయారయ్యేది ఈ కెమెరా పరీక్షలో తీసిన వీడియోతోనే. కాబట్టి ట్యూబ్ వేయడం తప్పదు.

సిస్టోస్కోప్‌లో, అంటే మూత్రనాళం గుండా లోపలికి పంపే ఈ కెమెరా ట్యూబ్‌లో, మాకు ఒక్కసారికి లోపలి గోడలో చిన్న గుండ్రటి ముక్కే కనిపిస్తుంది. స్కోప్ జరిపేకొద్దీ ఒక ఫొటోలోని కొంత భాగం తర్వాతి ఫొటోలోనూ పడుతుంది. గోడ మీది సన్నని రక్తనాళాలు కొమ్మలుగా విడిపోయే చోట్లను గుర్తుపట్టి, కంప్యూటర్ ఆ రెండు ఫొటోలనూ అతికిస్తుంది. మధ్యలో వెలుగు, అంచుల్లో చీకటి ఉంటాయి కనుక ఆ తేడానూ సరిచేస్తుంది. నాగార్జునసాగర్ డ్యామ్‌ను ఫోన్‌లో పనోరమా తీస్తుంటే మధ్యలో ఎవరైనా నడిస్తే మనిషి ముక్కలుగా పడతాడు కదా, ఇక్కడా అంతే. ఊపిరికి గోడ కదిలినా, నీళ్లలో రక్తం కలిసినా అతుకు తప్పుతుంది. పైగా గుండ్రటి సంచిని చదునుగా పరిస్తే కొన్ని చోట్లు సాగినట్టు కనిపిస్తాయి. నిత్యం కదిలే పేగుల్లో ఇది ఇంకా కష్టం.

నా దృష్టిలో దీని అసలు విలువ ఖాళీల్లో ఉంది. పటంలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ స్కోప్ చూడలేదని అర్థం, వెంటనే వెనక్కి వెళ్లి చూడొచ్చు. పోయినసారి గడ్డ ఉన్న చోటును ఈసారి పటంతో పోల్చుకోవచ్చు కూడా. అయితే కెమెరాకే సరిగా కనబడని, చదునుగా ఎర్రటి మచ్చలా ఉండే రకం క్యాన్సర్ పటంలో కొత్తగా కనబడదు. దానికి మూత్రంలో కణాల పరీక్ష, అనుమానం ఉంటే బయాప్సీ కావాలి.

మన దగ్గర మామూలు చెకప్‌లో ఈ సాఫ్ట్‌వేర్ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. దాని బదులు మీ యూరాలజిస్ట్‌ను ఒకటి అడగండి: మూత్రాశయం బొమ్మ గీసి గడ్డ ఎక్కడ, ఎంత సైజులో ఉందో గుర్తు పెట్టివ్వమనండి. వీలైతే వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. రేపు డాక్టర్ మారినా అది పనికొస్తుంది. బయాప్సీ కాగితం మాత్రం పోగొట్టొద్దు. తక్కువ రిస్క్ రకమై ఈ చెక్‌లో ఏమీ లేకపోతే తర్వాతది మామూలుగా ఈ చెక్ నుంచి 9 నెలలకు ఉంటుంది. ఎక్కువ రిస్క్ అయితే మొదటి 2 ఏళ్లు 3 నెలలకోసారి తప్పదు.

ఫ్లోరైడ్ సంగతికొస్తే, అది పళ్లను, ఎముకలను ఏం చేసిందో మర్రిగూడ వైపు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ ఈ క్యాన్సర్‌కు అది కారణమని రుజువు కాలేదు. పెద్ద కారణం పొగాకు. పొగలోని విషాలు రక్తంలోంచి కిడ్నీల ద్వారా మూత్రంలోకి దిగి, గంటల తరబడి ఆ సంచిలోనే నిలుస్తాయి. బీడీ మానకపోతే గడ్డ మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇవాళే మాన్పించండి.

నాన్నగారికి ధైర్యం చెప్పండి. మెత్తగా వంగే స్కోప్ పెన్సిల్ కంటే సన్నగా ఉంటుంది, మత్తు జెల్ పెట్టి చేస్తారు, చూడటం వరకైతే కొద్ది నిమిషాల పని. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రంలో మంట, కాస్త ఎరుపు ఉండొచ్చు. చలిజ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా, మూత్రం ఆగిపోయినా రాత్రయినా సరే హైదరాబాద్ దాకా ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.