చివరి రీలు గురించి కిరణ్‌కి

చిరంజీవి కిరణ్‌కి,

పెదనాన్న ఆశీస్సులు. బస్సు కండక్టరు, ఆయన కొడుకు కథతో నువ్వు పంపిన సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చదవడం కష్టమై జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను, 104 పేజీలు వచ్చాయి. "క్లైమాక్సు రెండు రకాలుగా రాశాను పెదనాన్నా, ఏది ఉంచాలో నువ్వే చెప్పు" అన్నావు. ఫోన్‌లో ఒక్క మాటలో తేల్చేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

నేను కథలు రాసినవాణ్ణి కాదు. కానీ తెనాలి సినిమా హాల్లో 1979 నుంచి, ఫిల్ము పోయి డిజిటల్ వచ్చేదాకా ఆపరేటర్ క్యాబిన్‌లోనే బతికాను. మిగతా రీళ్లు నడుస్తున్నంతసేపూ మాకు ఊపిరాడదు. ప్రొజెక్టర్‌కి వెలుగునిచ్చే కార్బన్ రాడ్లు చూసుకోవాలి, తెర మీద కుడిపక్క పైన చుక్క కనపడగానే రెండో ప్రొజెక్టర్‌కి మార్చాలి, అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి. చివరి రీలు ఎక్కించాక మాత్రం ఆ హడావుడి ఉండదు. వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు నడుస్తుంది. ఆ 11 నిమిషాలూ నేను క్యాబిన్ కిటికీలోంచి తెర కంటే జనాన్నే ఎక్కువగా చూశాను. రోజుకి నాలుగు ఆటలు, అన్నేళ్లు. నీకు చెప్పగలిగిందల్లా అలా చూసి తెలుసుకున్నదే.

ముందు నేల టికెట్టు వాళ్ల కాళ్ల సంగతి చెబుతాను. సినిమా మొదలవగానే చెప్పులు విడిచి కూర్చుంటారు కదా. ఆఖర్లో ఫైటు అయిపోయి, పోలీసు జీపు వచ్చి, అందరూ వరసగా నిలబడి మాట్లాడుకుంటుంటే, కళ్లు తెర మీదే ఉంటాయి గానీ కాళ్లు చెప్పుల కోసం వెతుకుతుంటాయి. ఒకడు మొదలుపెడితే వరస మొత్తం కదులుతుంది. ఇంకా మూడు నిమిషాల సినిమా ఉంటుంది, కానీ వాళ్లకి అప్పటికే అయిపోయింది. ఆ మూడు నిమిషాలు రాసినవాడు ఎంత కష్టపడి రాశాడో ఎవరికీ పట్టదు.

నేను పనిలో చేరిన మరుసటి ఏడు 'శంకరాభరణం' వచ్చింది, 1980లో. మొదట్లో హాలు పలచగా ఉండేది, తర్వాత టికెట్లు దొరకలేదు. ఆ చివరి రీలు ఎన్నిసార్లు నడిపానో నాకే లెక్క లేదు. శంకరశాస్త్రి సభలో 'దొరకునా ఇటువంటి సేవ' పాడుతూ పాడుతూ ఊపిరి అందక ఆగిపోతాడు. ఆయన్ని గురువుగా కొలిచే తులసి కొడుకు ఆ పాట అందుకుంటాడు. ఆయన తన గండపెండేరం, అంటే పండితులకి గౌరవంగా తొడిగే కాలి కడియం, ఆ పిల్లవాడికి ఇచ్చి కన్నుమూస్తాడు. తులసి కూడా ఆయన పాదాల దగ్గరే ప్రాణం వదులుతుంది. ఒక్కసారి కూడా, ఏ ఆటలోనూ, చెప్పులు వెతుక్కున్న కాలు నాకు కనపడలేదు.

ఆ రీలులో నువ్వు గమనించాల్సింది చావు కాదు నాయనా. చావు ప్రతి మూడో సినిమాలోనూ ఉంటుంది. "నా తర్వాత ఈ సంగీతం ఏమవుతుంది" అన్నది ఆ మనిషి దిగులు. ఆ దిగులు తీర్చే పిల్లవాడు అప్పటికి చాలా రీళ్ల ముందే ఆ ఇంట్లోకి వచ్చి, ఆయన దగ్గర పాఠం నేర్చుకుంటూ మన కళ్ల ముందే తిరుగుతున్నాడు. ముగింపులో కొత్త మనిషి రాలేదు, కొత్త సంగతి చెప్పలేదు. మన దగ్గర ఉన్నదే మన చేతికిచ్చారు. దర్శకుడు విశ్వనాథ్ గారు అక్కడ ఎవరి చేతా ఉపన్యాసం చెప్పించలేదు చూడు.

ఇప్పుడు నీ మొదటి క్లైమాక్సుకి వస్తాను. తండ్రి పోయాక కొడుకు డిపోలో మైకు పట్టుకుని నాలుగు పేజీలు మాట్లాడతాడు. మాటలు బాగున్నాయి, కాదనను. "నాన్న టికెట్లు కొట్టలేదు, మనుషుల్ని గమ్యం చేర్చాడు" అన్న చోట మీ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. కానీ అదంతా నేను 100 పేజీలు చదివి నా అంతట నేను అనుకోవలసింది. నువ్వు కొడుకు చేత అనిపించేస్తే ఇక నాకు పనేముంది? ప్రేక్షకుడు ఇంటికి తీసుకెళ్లేది తనకి తానుగా అర్థం చేసుకున్నదాన్నే. ఆ నాలుగు పేజీలూ తీసెయ్. బాధగానే ఉంటుంది, అయినా తీసెయ్.

రెండో దాంట్లో తండ్రి బతుకుతాడు, డిపో అంతా స్వీట్లు పంచుకుంటారు. చంపితే జనం ఏడుస్తారా, బతికిస్తే డబ్బులొస్తాయా అని నువ్వూ నీ రూమ్మేట్లూ హైదరాబాద్ కృష్ణానగర్‌లో రాత్రంతా వాదించుకున్నామన్నావు. ఆ టెన్షన్ వదిలెయ్. 'గీతాంజలి'లో ఇద్దరూ ఎక్కువ కాలం బతకనివాళ్లే. అయినా సినిమా అయిపోయేసరికి తెర మీద ఇద్దరూ బతికే ఉంటారు. 1989లో ఆ ఆట వదిలినప్పుడు కుర్రాళ్లు మెట్ల మీద కూర్చుండిపోవడం చూశాను. బతికారని సంతోషమా, ఎన్నాళ్లో అని దిగులా? రెండూను.

ఎవరూ ఊహించనిది రాయాలని కూడా తాపత్రయపడకు. పాత 'దేవదాసు' ప్రింటు మాకు మళ్లీ మళ్లీ వచ్చేది. 1953 సినిమా. వచ్చినవాళ్లలో సగం మందికి డైలాగులతో సహా కంఠతా వచ్చు. బండిలో వస్తాడని తెలుసు, పార్వతి ఇంటి ముందే పోతాడని తెలుసు, ఆమె పరిగెత్తుకొస్తుంటే తలుపులు మూసేస్తారనీ తెలుసు. అయినా ఆ తలుపు మూసుకునే చోట బాల్కనీలోంచి "అయ్యో, ఒక్కసారి చూడనివ్వండ్రా" అని ఎవరో ఒక ఆడమనిషి అనేది. తెలిసిన ముగింపు కోసమే డబ్బులిచ్చి వచ్చేవారు.

మలుపు తిప్పి మెప్పించినవాళ్లూ ఉన్నారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'కి నన్ను తీసుకెళ్లింది నువ్వే. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు చూస్తున్నామనుకుంటే, చివరికి అవన్నీ ఒక్క రాజువే అని తెలుస్తుంది. అప్పుడు హాల్లో జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, గుర్తుందా? ఆ మలుపు మోసం అనిపించలేదు. అప్పటిదాకా చూసినదేదీ అబద్ధం కాలేదు, ఇంకాస్త ఎక్కువ నిజమైంది. నీ కథకి అలాంటిది అక్కర్లేదు, బలవంతాన పెట్టకు.

ఇంకో సంగతి రాయాలి. ఇన్నేళ్లుగా మనసులో ఉండిపోయింది. 1983లో 'సాగర సంగమం' ఆడుతుండగా, సెకండ్ షోకి జనాన్ని త్వరగా ఎక్కించాలని, అందులో నాట్యకారుడు బాలు ప్రాణం పోగానే లైట్లు వేసి తలుపులు తీయమన్నారు. ఉద్యోగం కదా, వేశాను. అక్కడ తెర మీద ఇంకా కథ ఉంది. శిష్యురాలు శైలజ ఆట ఆగకూడదని స్నేహితుడు రఘు అతన్ని చప్పుడు లేకుండా బయటికి తీసుకెళ్తాడు, బయట వాన, అతను ప్రేమించిన మాధవి వచ్చి అతను తడవకుండా కాపాడుతుంది. పోయిన మనిషి తడవకూడదని. అది జనానికి అందకుండా నేనే లైటు వేశాను. ఒక పెద్దాయన సీట్లోంచి లేచి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని క్యాబిన్ వైపు చూశాడు. తిట్టలేదు, ఊరికే చూశాడు. ఆ మర్నాటి నుంచి, ఎవరేమన్నా సరే, తెర తెల్లబడేదాకా లైటు వేయలేదు.

అందుకే చెబుతున్నాను. కథ తేలిపోయాక ఒక నిమిషం ప్రేక్షకుడికి వదిలిపెట్టు. మాటలు వద్దు. వానో, నడకో, ఖాళీ బస్సో ఉంటే చాలు. నీ నిర్మాత ల్యాగ్ అంటాడు, నచ్చజెప్పుకో.

ఇక నీ స్క్రిప్టు 11వ పేజీ తియ్యి. రేపల్లె బస్సులో ఒక ముసలమ్మకి ఇవ్వడానికి చిల్లర లేక, కండక్టరు టికెట్టు వెనక 7 అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టి ఇస్తాడు. ఆమె మర్చిపోయి దిగిపోతుంది. ఆ ఏడు రూపాయలూ ఆయన బ్యాగులో వేరే అరలో వేసుకుంటాడు. నిజంగా కండక్టర్లని చూసినవాడు మాత్రమే రాయగలిగిన సీను అది. అది చదివే నీ మీద నమ్మకం కుదిరింది. తర్వాత 93 పేజీల్లో ఆ డబ్బులు ఎక్కడా కనపడవు. 62వ పేజీలో కొడుకు "ముప్పై ఏళ్లు చేసి ఏం కూడబెట్టావు?" అని తండ్రిని అడుగుతాడు, అక్కడా కనపడవు. నాకు మాత్రం చివరిదాకా ఆ బ్యాగు అరే గుర్తొస్తూ ఉంది. తండ్రి పోయినా, మంచం మీద ఉన్నా సరే, కొడుకు ఒకసారి ఆ అరలో చెయ్యి పెట్టనీ. తర్వాత రేపల్లె బస్సెక్కి ఏ స్టాపులో దిగుతాడో నువ్వు చూసుకో. ముసలమ్మ ఉంటుందో లేదో కూడా నాకు చెప్పకు, సీను రాసి పంపు.

దసరాకి ఎలాగూ వస్తావు కదా, చివరి పన్నెండు పేజీలు మళ్లీ రాసి తీసుకురా. నువ్వు మీ పెద్దమ్మకి చదివి వినిపిస్తూ ఉండు. నేను ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న