ఒక ఇంజిన్ పోయినా విమానం ఎగరగలదంటారు కదా, మరి హోనొలులు కార్గో విమానం సముద్రంలో ఎందుకు పడింది?

అవును, ఎగరగలదు, మంచి ఇంజిన్ ఏదో పైలట్లకు సరిగ్గా తెలిస్తే. 2021 జులై 2 అర్ధరాత్రి దాటాక హవాయిలోని హోనొలులు నుంచి మావి దీవికి బయలుదేరిన ట్రాన్స్‌ఎయిర్ 810లో పైలట్లు పొరబడింది సరిగ్గా ఇక్కడే. అది పాత బోయింగ్ 737-200, లోపల ఇద్దరే పైలట్లు. గాల్లోకి లేవగానే కుడి ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడ్లు (లోపల తిరిగే రెక్కలు) విరిగి థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు తోసే శక్తి, పడిపోయింది. ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) మొదట కుడిదే అని కరెక్టుగా చెప్పాడు కూడా. కానీ తర్వాత వేగం తగ్గించడానికి రెండు ఇంజిన్ల పవర్ తగ్గించేశారు, అప్పుడు ఏది పోయిందో చూడమని కెప్టెన్ అడిగితే ఎడమది పోయిందన్న జవాబొచ్చింది, ఆయన మళ్లీ సరిచూసుకోలేదు. ఇక ఎడమదాన్ని ఐడిల్‌లోనే (అతి తక్కువ పవర్‌లో) వదిలేసి, దెబ్బతిన్న కుడిదాన్నే నమ్ముకున్నారు! అది విపరీతంగా వేడెక్కుతోంది, ఎత్తు తగ్గిపోతోంది. రెండోది కూడా పోయేలా ఉందని కింద ఉన్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కి చెప్పారు, దగ్గర్లోని కలేలోవా ఎయిర్‌పోర్టుకు మళ్లాలనుకున్నా విమానం అంత దూరం రాలేక సముద్రంలో పడింది. పనిచేసే ఎడమ ఇంజిన్‌కి పవర్ పెంచి చూసే ఆలోచనే ఆ టెన్షన్‌లో ఎవరికీ రాలేదు, నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే.

ఇద్దరూ బతికారు. ఒకరు తేలుతున్న తోకను, ఇంకొకరు కార్గో ప్యాకెట్లను పట్టుకుని ఉంటే కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్, ఫైర్ డిపార్ట్‌మెంట్ పడవ వచ్చి తీసుకెళ్లాయి.