రెస్క్యూ డైవర్ ట్రైనింగ్ చేస్తే గోదాట్లో మునిగేవాళ్లని కాపాడొచ్చా?

మీరు అడిగింది ఏంటంటే, మాది కోనసీమ, ఈత బాగా వచ్చు, రెస్క్యూ స్కూబా డైవర్ కోర్సు చేస్తే మా ఊళ్లో ఎవరన్నా గోదాట్లో పడితే తియ్యగలనా, ట్రైనింగ్ కష్టమా అని. చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. కానీ సిలిండర్ తగిలించుకుని అడుక్కి వెళ్లి మనిషిని తెచ్చేద్దామని మాత్రం కాదండి. ఆ కోర్సులో మనకి పనికొచ్చేదంతా నీళ్ల పైనే ఉంది.

మాది వశిష్ఠ ఒడ్డు, సఖినేటిపల్లి వైపు. నాన్నగారు పంటు మీద పనిచేసేవారు, ఈత ఎప్పుడొచ్చిందో కూడా గుర్తులేదు నాకు. ఓపెన్ వాటర్, అంటే స్కూబాలో మొదటి కోర్సు, వైజాగ్ రుషికొండలో చేశాను, దాని తర్వాతి అడ్వాన్స్‌డూ, రెస్క్యూ అండమాన్‌లో, హేవ్‌లాక్ అని ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు కదా, అక్కడ.

మా ఇన్‌స్ట్రక్టర్ ఆరడుగుల మనిషి, మంచి బరువు. ఓ రోజు డైవ్ అయ్యి పైకి తేలి పడవ కోసం చూస్తూ కబుర్లు చెప్పుకుంటున్నాం, ఉన్నట్టుండి ఈయన మాస్క్ నుదుటి మీదకి లాగేసి, నోట్లో రెగ్యులేటర్, అదే సిలిండర్ గాలి పీల్చుకునే గొట్టం, ఉమ్మేసి, కళ్లు ఇంతింత చేసుకుని నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులూ కాళ్లూ ఆడించడం మొదలెట్టారు. నటనే, ఎప్పుడైనా చేస్తానని ముందే చెప్పారు, అయినా గుండె గుభేలుమంది. మా బ్యాచ్‌లో భీమవరం కుర్రాడొకడు, ఈతలో మా అందరికంటే స్పీడు, తిన్నగా ఎదురెళ్లి చెయ్యి పట్టుకోబోయాడు. అంతే, ఆయన వీడి భుజాలు దొరకబుచ్చుకుని పైకెక్కేసి తల నీళ్లలోకి తొక్కేశారు. వీడి నోట్లో రెగ్యులేటర్ లేదు, ఉక్కిరిబిక్కిరైపోయాడు. ఆయన వదిలేసి మామూలు గొంతుతో "ఇప్పుడు ఇద్దరు పోయారు" అన్నారు.

తర్వాత వంతు నాది. రెండు బారల దూరంలో ఆగి, "జాకెట్‌లో గాలి నింపండి, నా వైపు చూడండి" అని అరిచాను (డైవర్ వేసుకునే జాకెట్‌లో బటన్ నొక్కితే సిలిండర్ గాలి నిండి మనిషిని తేలుస్తుంది), ఆయన వింటేనా. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని కిందకి దిగి, ఆయన కాళ్ల కింద నుంచి వీపు వైపుకి పోయి తేలి, ఆయన సిలిండర్‌ని నా మోకాళ్ల మధ్య బిగించేసి ఆయన జాకెట్ బటన్ నొక్కేశాను. బుస్సుమని గాలి నిండింది. ఇంక ఆయన ఎంత గింజుకున్నా చేతులు నాకు అందవు. నేను యాభై కేజీలు కూడా ఉండనండి! ఒకవేళ మునిగేవాడు మిమ్మల్ని పట్టేసుకున్నాడే అనుకోండి, మీరు కిందకి మునగండి, వాడికి కావాల్సింది పైన ఉన్న గాలి కాబట్టి వాడే వదిలేస్తాడు. ఏటా ఎండాకాలం పేపర్లో చూస్తాం, ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు కూడా గల్లంతని. వాళ్లల్లో చాలామందికి ఈత వచ్చే ఉంటుంది, ఎలా దగ్గరికెళ్లాలో చెప్పినవాళ్లు లేక పోతున్నారు.

ఇంకోటి, స్పృహ లేని మనిషిని ఒడ్డుకి లాక్కొస్తూ దార్లోనే ఐదు సెకన్లకోసారి నోటితో ఊపిరి ఇవ్వాలి, ఆ మధ్యలో ఆ మనిషి బెల్టులూ బకిల్సూ విప్పుతూ ఉండాలి, అల కొట్టినప్పుడల్లా నోట్లోకి నీళ్లు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టాలి. కోర్సులో చాలా కష్టం ఇదే. మరి మన దగ్గర ఏం చేస్తారండీ? ఒడ్డుకి తెచ్చిన పిల్లాణ్ణి కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు, చుట్టూ పదిమంది వీడియోలు తీస్తుంటారు. చూస్తే నాకు ఒళ్లు మండిపోద్ది. పొట్ట నొక్కితే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మునిగినవాడికి ఆడనిది ఊపిరి, ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, ఆ తర్వాత ముప్ఫై సార్లు ఛాతీ నొక్కి రెండు ఊపిర్లు, 108 వచ్చేదాకా ఆపకూడదు.

ఇక సిలిండర్ సంగతి. ఎర్రనీరు వచ్చాక గోదాట్లో మీ చెయ్యి మీకే కనపడదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగితే నేవీ వాళ్లు వచ్చినా ఆ లోతుకీ ఆ వడికీ బోటు తియ్యడం కుదరలేదు, చివరికి కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం యాంకర్లూ ఇనప రోపులూ వేసి అక్టోబర్ 22న బయటికి లాగింది. అలాంటి నీళ్లలో దిగాలంటే నడుముకి తాడు కట్టుకుని, పైన తాడు పట్టుకునే మనిషిని పెట్టుకుని చేసే ట్రైనింగ్ వేరే ఉంది. రెస్క్యూ కార్డు జేబులో ఉంది కదా అని శవాల కోసం దిగకండి, ఊళ్లో వాళ్లు ఎంత బతిమాలినా సరే.

అసలు రేవుల్లో ఒక తాడు, ఒక ట్యూబు ఉంటే సగం ప్రాణాలు నిలుస్తాయని నా నమ్మకం. నేను చూసిన ఒక రేవులో లైఫ్ జాకెట్లన్నీ మూటకట్టి గదిలో పెట్టి తాళం వేశారు, తాళం చెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడట. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి, లక్షల మంది దిగుతారు. గజ ఈతగాళ్లని పెడతారు సరే, వాళ్లకి ఊపిరి ఇవ్వడం నేర్పండి ముందు. మీ పంచాయతీలో మీరే అడగండి. ఏమీ లేకపోతే ఇరవై లీటర్ల ఖాళీ వాటర్ టిన్ను మూత గట్టిగా బిగించి, తాడు కట్టి రేవులో వేలాడదీయండి, పట్టుకుంటే మనిషి తేలతాడు.

కోర్సుకి ముందు మామూలుగా ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ అయ్యుండాలి, సీపీఆర్ (పైన చెప్పిన ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం) ట్రైనింగ్ గత రెండేళ్లలోపు చేసుండాలి. ఆస్తమా, చెవి ప్రాబ్లమ్ ఉంటే ముందే డాక్టర్ గారికి చూపించుకోండి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుందని భయపడకండి, మా బ్యాచ్‌లో భీమవరం కుర్రాడు ఇంటర్ తెలుగు మీడియమే, రెండోసారికి ఇన్‌స్ట్రక్టర్‌ని వెనకనుంచి వెళ్లి పట్టేశాడు.