పెంగ్విన్ చేయించండి, కానీ గుడ్డుతో సహా

ఒకటో తరగతి పిల్లలతో చలికాలపు జంతువు పేపర్ క్రాఫ్ట్ చేయించాలి, ఒక్క పీరియడ్‌లో అయిపోయేది చెప్పమన్నారు. నా ఓటు పెంగ్విన్‌కే. మఫ్లర్ చుట్టుకుని నవ్వే బొమ్మ కాదు, పాదాల మీద గుడ్డు మోసే ఎంపరర్ పెంగ్విన్ నాన్న.

నల్ల చార్టు ముక్కకి పై మూలలు గుండ్రంగా కత్తిరిస్తే ఒళ్లు వచ్చేస్తుంది. తెల్ల కాగితం పొట్టకి పైఅంచున మాత్రమే ఫెవికాల్ రాయాలి, కింది భాగం తలుపులా లేవాలి. మెడ పక్కన పసుపు కాగితం చేత్తో చింపి అంటించమనండి, చింపిన అంచులే ఈకల్లా బాగుంటాయి. కింద రెండు పాదాలు, వాటి మీద గుడ్డు, గుడ్డు మీదికి పొట్ట తలుపు. పాదాలు నల్లవే పెట్టండి, ఎంపరర్‌కి నారింజ కాళ్లు ఉండవు.

అంటించే ముందు కథ చెప్పాలి. అమ్మ గుడ్డు పెట్టి నాన్నకి అప్పగించి తిండి కోసం సముద్రానికి వెళ్లిపోతుంది. ఆయన రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా దాన్ని పాదాల మీదే కాపాడతాడు. మంచు మీదికి జారి కాసేపు ఉండిపోతే గుడ్డు గడ్డకట్టిపోతుంది. పోయినేడు ఇది చెప్పి, పాత నోట్‌బుక్ కాగితాలు ఉండ చుట్టి తలా ఒకటి పాదాల మీద పెట్టుకుని బెంచీ నుంచి తలుపు దాకా నడవమన్నాను. ఇక చూడాలి! సగం గుడ్లు దారిలోనే పోయాయి. ఒకడు, "మా నాన్నయితే ఫోన్ చూస్తా పడేస్తాడు టీచర్" అన్నాడు. పక్కనున్న పిల్ల వెంటనే, "మా నాన్న పడెయ్యడు. ఏమే, ఇదెక్కడ పెట్టాలీ అని అమ్మని పిలుస్తాడు" అంది. నవ్వాపుకోలేక నేను బోర్డు వైపు తిరిగిపోయాను. ఎంపరర్ ఎత్తు నాలుగడుగుల లోపే అని తలుపు మీద సుద్దముక్కతో గీత గీస్తే, అందరూ వరసగా వచ్చి ఆనుకుని కొలుచుకున్నారు. దాదాపు వాళ్లంతే!

దయచేసి దీన్ని హోంవర్క్‌గా మాత్రం ఇవ్వకండి. రాత్రి పదకొండింటికి అమ్మలు గ్లిటర్ చల్లుతూ కూర్చుంటారు, పొద్దున పిల్లాడు అది తనదే అంటాడు. ఇంటికి పంపిన క్రాఫ్ట్ పిల్లలే చేయడం నా సర్వీసులో చూడలేదు. మంచు కోసం దూది కూడా వద్దు, ఫెవికాల్ వేళ్లకి చుట్టుకుని ఏడుపులు మొదలవుతాయి. ఇక మార్కెట్లో దొరికే చార్టులు! ఒకే మంచుగడ్డ మీద పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి పక్కపక్కన. ఒకటి దక్షిణాన, ఇంకొకటి ఉత్తరాన, జన్మలో ఒకదాన్నొకటి చూసుకోవు. అచ్చువేసేవాళ్లకి ఎవరైనా చెప్తే బాగుండు.

ఇంకో సంగతి. మన డిసెంబర్ అంటార్కిటికాలో ఎండాకాలం. ఆ నాన్న గుడ్డు మోసే చలి రోజులు మనకి బడులు తెరిచే జూన్‌లో వస్తాయి. నన్నడిగితే ఈ క్రాఫ్ట్ అప్పుడే చేయించాలి. మీ హెచ్‌ఎం డిసెంబర్‌లోనే కావాలంటే చేయించండి, కానీ ఈ ముక్క పిల్లలకి చెప్పి మరీ చేయించండి.