పెళ్లి మాట పక్కన పెట్టండి, ముందు బిడ్డ దగ్గరికి పోయి రండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆయన సింగరేణిలో రిటైరయిండు. కొడుక్కి 28 ఏండ్లు. చిన్నప్పటి నుంచీ దొంగతనాలు, అబద్ధాలు. ఏడో తరగతిలో పక్కోళ్ల గడ్డివాముకు అగ్గిపెట్టిండు. మేమే డబ్బు కట్టి, ఎవరికీ చెప్పొద్దని వాని అక్క, మా బిడ్డతోని ఒట్టు వేయించుకున్నం. ఇప్పుడు ఎక్కడ చూసినా అప్పులే. అడిగితే నన్ను కొడ్తడు. తెల్లారి ఏమీ కానట్టే అన్నం పెట్టుమంటడు. డాక్టర్ చూసి యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే ఎదుటోళ్ల బాధ, నియమాలు పట్టని స్వభావ జబ్బు అన్నడు. చుట్టాలు సైకో అంటున్నరు. హుజూరాబాద్ నుంచి సంబంధం వచ్చింది. పెండ్లి చేస్తే కుదురుకుంటడా? జమ్మికుంటల ఇచ్చిన బిడ్డ, పుస్తెలతాడు తప్ప తన బంగారమంతా తమ్ముని అప్పు కోసం కుదువ పెట్టనిచ్చింది. ఏడాది నుంచి మాతోని మాట్లాడుత లేదు. దానికీ నాలుగు మాటలు చెప్పుండ్రి.

జవాబు: పెళ్లి చేయకండమ్మా. కన్నతల్లి మీద చెయ్యెత్తేవాడు కట్టుకున్నదాన్ని విడిచిపెడతాడా? ఎవరి ఇంటి ఆడపిల్లో వచ్చి మీ కొడుకును బాగు చేయాలనుకోవడం అన్యాయం. సంబంధం వద్దనుకుంటున్నామని మధ్యవర్తికి ఈరోజే చెప్పేయండి.

ఇక మీ బిడ్డ సంగతి. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. చెప్పాల్సింది మీకే. గడ్డివాము తగలబడ్డ రోజు ఆ పిల్ల నోరు కట్టేశారు. పెళ్లయ్యాక ఒంటి మీద బంగారం ఒలిచారు. అత్తగారింట్లో ఆమె ఎన్ని మాటలు పడి ఉంటుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ ఇంట్లో తెగిపోయిన బంధం ఇది. కొడుకును కాపాడుకోవడానికి ఇన్నేళ్లూ బిడ్డనే ఖర్చు పెట్టారు. కొడుకు జబ్బు కన్నా నన్ను కలవరపెట్టింది ఇదే.

ఈ జబ్బు మీ పెంపకం వల్లే వచ్చిందని నేననను. పుట్టుకతో వచ్చే స్వభావం, పెరిగిన పరిస్థితులు రెండూ కలిస్తే వస్తుంది. 18 ఏళ్లు నిండనిదే డాక్టర్లు ఈ పేరు పెట్టరు. 15 ఏళ్లలోపే ఇలాంటి ప్రవర్తన మొదలైందా అని కూడా చూస్తారు. మీ గడ్డివాము లాంటి సంగతులే వాళ్లు అడిగేది. ఆ వయసులో తల్లిదండ్రులకు తర్ఫీదు ఇచ్చి, పిల్లవాడిని కౌన్సెలింగ్‌కు పంపితే చాలామందిలో మార్పు వస్తుంది. మనవాళ్లు మాత్రం అప్పుడు మగపిల్లాడు, దుడుకు అని నవ్వేస్తారు. బడివాళ్లు టీసీ చేతిలో పెట్టి పంపేస్తారు. పెద్దయ్యాక అందరూ కలిసి సైకో అని తలుపులేసుకుంటారు. సాయం చేయాల్సిన రోజున మురిపెం, చెయ్యి దాటాక వెలి. ఒక్క మీ చుట్టాలే కాదు, మనమందరం చేస్తున్న తప్పు ఇది.

సినిమాలు చూసి సైకో అంటే హంతకుడే అనుకుంటున్నారు. ఈ రుగ్మత ఉన్నవాళ్లలో ఎక్కువమంది హత్యలు చేసేవాళ్లు కారు. లేని గొంతులు వినిపించే జబ్బు కూడా కాదిది. తానేం చేస్తున్నాడో మీ కొడుక్కి తెలుసు. కాబట్టి జబ్బు పేరు చెప్పి అతని తప్పులు మీరు మోయనక్కర్లేదు. దీన్ని నయం చేసే మాత్ర లేదు. తాగుడు, దిగులు, ఆవేశం వంటివి తోడుంటే వాటికి వైద్యం ఉంది. వస్తానంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. నలభై దాటాక కొందరిలో ఉధృతి తగ్గుతుంది. అప్పటిదాకా మీరు దెబ్బలు తింటూ కూర్చోవాలని ఏ ధర్మమూ చెప్పదు.

అతని అప్పు ఇక ఒక్కటి కూడా కట్టకండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ఇల్లు అతని పేరున రాయకండి. కొడితే 112కు ఫోన్ చేయండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. 2005 గృహహింస చట్టం కింద తల్లి కొడుకు మీద కూడా రక్షణ కోరవచ్చు. అరవై దాటిన మీ ఆయన 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొడుకు మీద కేసా అని లోకం నోరు నొక్కుకుంటుంది, నొక్కుకోనివ్వండి. తల్లి ఆత్మగౌరవం కొడుకు పరువు కన్నా తక్కువదేం కాదు. రాత్రుళ్లు భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

సింగరేణి డబ్బులో మిగిలింది ఏమైనా ఉంటే అది కొడుక్కి కాదు, బిడ్డ బంగారం విడిపించడానికి. చాలకపోతే ముందు ఉన్నంతకు ఒకటో రెండో నగలు విడిపించండి. మీ ఆయన్ను తోడు తీసుకుని జమ్మికుంట వెళ్లండి. అల్లుడి ముందే తప్పు మాదే అని చెప్పి, నగలు ఆమె చేతికివ్వండి. మిగతావి ఎప్పుడు తెస్తారో కూడా చెప్పండి. ఆమె మాట్లాడకపోతే నిష్ఠూరమాడకుండా వచ్చేయండి, కొన్నాళ్లాగి మళ్లీ వెళ్లండి. తమ్ముడి ఊసు మాత్రం ఆ ఇంట్లో ఎత్తకండి.