రక్తపోటు వల్ల ఏటా కోటి మంది చనిపోతున్నారన్న లెక్క ఎక్కడిది?

మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అనో పక్షవాతం అనో రాస్తారు గానీ రక్తపోటు అని రాయడం అరుదు కదా, మరి దానివల్ల ప్రపంచంలో ఏటా కోటి మందికి పైగా చనిపోతున్నారని ఎవరు లెక్కపెట్టారు అని మీరు అడిగారు. కొన్నేళ్లపాటు ఆరోగ్య సర్వేల్లో ఇంటింటికీ తిరిగి ఇలాంటి లెక్కలకు ముడిసరుకు పోగుచేసినవాణ్ణి కనుక నాకు తెలిసినంత చెబుతాను.

ఆ సంఖ్య, ఏ జబ్బు, ఏ ముప్పు ప్రపంచానికి ఎంత నష్టం చేస్తోందో అంచనా వేసే ‘గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్’ అధ్యయనానిది. క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్‌లు మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా సాగుతోంది. 2019 సంవత్సరానికి 204 దేశాలు, ప్రాంతాల్లో 87 ముప్పు కారకాలను పరిశీలించి, అధిక రక్తపోటు ఖాతాలో 1.08 కోట్ల మరణాలనూ, పొగాకు ఖాతాలో దాదాపు 87 లక్షల మరణాలనూ వేశారు.

ఇది తలలు లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కాదు. ఒక ఊళ్లో నూటికి 30 మంది పొగ తాగుతారనీ, తాగనివారికంటే వారికి ఫలానా జబ్బు 3 రెట్లు ఎక్కువగా వస్తుందనీ అనుకుందాం. తాగని 70 మంది ముప్పు 70 పాళ్లయితే తాగే 30 మందిది 90 పాళ్లు, మొత్తం 160. ఎవరూ తాగకపోయి ఉంటే అది 100 దగ్గరే ఆగేది. ఆ అదనపు 60 పాళ్లు, అంటే 37.5 శాతం, పొగ ఖాతాలోకి వెళ్తాయి. ఆ 37.5 శాతంలో ఉన్న మనిషి ఎవరంటే ఎవరూ చూపించలేరు.

కూడికలు, భాగహారాలు సులువే. ఆ ‘నూటికి 30’ని పట్టుకోవడమే కష్టం. శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో, సిగరెట్టు, బీడీ తాగుతారా అని ఒక పెద్దావిడను అడిగితే ‘అవి మొగోళ్లు తాగుతారు నాయనా’ అని నవ్వింది. ‘లేదు’ అని రాసుకుని పక్కింటికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, అడ్డపొగ తాగుతూ చేట చెరుగుతోంది. మా ప్రశ్నలో చుట్ట లేదు. మరోచోట, పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలబడిన ఒకాయనకు పావుగంట విశ్రాంతి ఇవ్వకుండా తొందరపడి రక్తపోటు కొలిచే పట్టీ కట్టేశాను, పై అంకె 158 వచ్చింది. పద్ధతి ప్రకారం కూర్చోబెట్టి, మూడేసి నిమిషాల తేడాతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు తీస్తే 137 తేలింది. ఇలాంటి తప్పులు వేల ఇళ్లలో జరిగితే ఆ తేడా పై లెక్కలదాకా పాకుతుంది.

ఇక దేనితో పోలుస్తున్నామన్నది రెండో మెలిక. రక్తపోటులో పై అంకె 110 నుంచి 115 మధ్య ఉండటాన్ని అతితక్కువ ముప్పుగా ఆ అధ్యయనం తీసుకుంది; కాబట్టి వైద్యుడు మందు రాయని 130 వాళ్ల ముప్పు కూడా ఆ కోటిలో కొంత ఉంది. ఈ గీతను జరిపితే ఏమవుతుందో ఎర్ర మాంసం (మేక, గొర్రె, గొడ్డు మాంసం లాంటివి) విషయంలో చూశాం. 2017 అంచనాలో దాని ఖాతాలో సుమారు 25 వేల మరణాలుంటే, 2019 అంచనాలో దాదాపు 9 లక్షలు చూపారు. రెండేళ్లలో జనం తిండి అంతగా మారలేదు. అసలు తినకపోవడమే అతితక్కువ ముప్పు అన్న నిర్ణయం అందులో పెద్ద పాత్ర వహించింది. దానిమీద శాస్త్రవేత్తలే గట్టిగా అభ్యంతరం చెప్పారు, నా దృష్టిలో అది సబబే.

మరణాలకు బదులు అకాల మరణంతో, అనారోగ్యంతో కోల్పోయిన ఏళ్లను లెక్కిస్తే వరస కూడా మారుతుంది. 2021 అంచనాలో ఆ కొలత ప్రకారం గాలిలోని సూక్ష్మ ధూళి 8 శాతంతో మొదటి స్థానంలో ఉంది, రక్తపోటు 7.8 శాతంతో దాని వెనక ఉంది. ధూళి పసిపిల్లల ప్రాణాలు కూడా తీస్తుంది, ఒక పసిప్రాణం పోతే పోయే ఏళ్లు ఎక్కువ. ఇంకో మాట, ఈ ఖాతాలను ఒకదానికొకటి కలిపి కూడకండి. ఉప్పు ఎక్కువగా తిని, దానివల్ల రక్తపోటు పెరిగి పోయిన మనిషి రెండు ఖాతాల్లోనూ ఉంటాడు.