ఇల్లు, ఉద్యోగం వంటి విషయాల్లో దేవుని నడిపింపును ఎలా నమ్మాలి?

హైదరాబాదులో వచ్చిన ఉద్యోగానికి వెళ్లాలా, చెన్నైలోనే ఉండాలా అని మూడు నెలలుగా ప్రార్థిస్తున్నా ఏ సూచనా కనిపించడం లేదని, అసలు రోజువారీ సంగతుల్లో ప్రభువు నడిపిస్తున్నాడని ఎలా నమ్మాలని మీరు అడిగారు. నేను నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడినవాణ్ని. ఈ ప్రశ్నతో నేనూ చాలాకాలం తిరిగాను. అందులో ఒక ఏడాది మరీ తెలివితక్కువగా తిరిగాను కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

2014 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కొక్కరికి ఇచ్చే బైబిలు వచనం చీటీ) మీద యెషయా గ్రంథం 32వ అధ్యాయం 18వ వచనం ఉంది. దేవుని జనులు సుఖకరమైన నివాసాల్లో నివసిస్తారన్నది దాని భావం. నా భార్య గిండీలోని ఆఫీసుకు వెళ్లాలంటే సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ స్టేషన్‌లో మరో రైలు ఎక్కాలి. అందుకని ఆ వైపుకే ఇల్లు మారాలని అనుకుంటున్న రోజులవి. కార్డును ఫ్రిజ్ మీద అంటించి, ఇది మా ఇంటి గురించిన మాటేనని నిశ్చయించుకున్నాను. అక్టోబరులో జాఫర్‌ఖాన్‌పేటలో కింది అంతస్తులో ఒక వాటా నచ్చింది. యజమాని పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగితే వారం గడువు కోరాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, టీ తాగుతూ, ఒంగోలు నుంచి వచ్చిన ఒక యువ దంపతులకు ఆ ఇంటి సంగతి నేనే చెప్పాను. వాళ్లు మరునాడే డబ్బు పట్టుకెళ్లారు, ఇల్లు వాళ్లదయింది. ప్రభువు నాకు చూపిన ఇంటిని వీళ్లు తన్నుకుపోయారన్న అక్కసుతో, సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, నెలరోజుల పాటు వాళ్లకు సరిగా వందనాలు కూడా చెప్పలేదు.

డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీటితో అడయారు నది పొంగి ఆ వీధుల మీద పడింది. ఎనిమిది నెలల బిడ్డను ఎత్తుకుని వాళ్లు మేడ మీదికి ఎక్కారు. ఫోన్లు పనిచేయలేదు. నీరు తీశాక, కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చి పదిహేడు రోజులు ఉన్నారు. ఆమె సంచిలో తెచ్చుకున్నవాటిలో తడిసి ఉబ్బిపోయిన బైబిలు ఒకటి. దాన్ని ఫ్యాను కింద పెట్టి, నాలుగు పుటలకు ఒక పాత వార్తాపత్రిక ముక్క చొప్పున ఇరికించి, రోజూ ఆ ముక్కలు మారుస్తూ నా భార్య ఆరబెట్టింది. కీర్తనల దగ్గర బురద చారలు పోలేదు.

ఆ ఏడాది చివరి రాత్రి ఆరాధనలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు నాకు చేసిన మేలును అందరి ముందు చెప్పమన్నారు. ఆ ఇల్లు దొరకకుండా చేసి ప్రభువు మమ్మల్ని కాపాడాడని చెప్పడానికి సిద్ధపడి వెళ్లాను. అందరూ ఎదురుచూసినదీ అదే. లేచి నిలబడితే మూడో వరుసలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆమె కనిపించింది. మమ్మల్ని తప్పించిన దేవుడు ఆమెను ఆ నీళ్లలోకి పంపాడని ఆమె మొహం మీదే చెప్పబోతున్నానన్నది అప్పుడు తట్టింది. క్షమించమని మాత్రం అడిగి కూర్చున్నాను. ఇంటికి వచ్చి ఆ అధ్యాయాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. 18వ వచనం తర్వాత వచ్చేది వడగండ్ల గురించి, పట్టణం కూలడం గురించి. 19వ వచనాన్ని కార్డు మీద వేసేవాళ్లు ఉంటారనుకోను.

అప్పటి నుంచి ఫలితాన్ని బట్టి నడిపింపును లెక్కగట్టడం మానేశాను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. బితూనియకు వెళ్లబోయిన పౌలును ఆత్మ వెళ్లనియ్యలేదు, దర్శనంలో మాసిదోనియ మనిషి రమ్మని పిలిచాడు. అంత స్పష్టంగా నడిపింపు పొంది వెళ్లినవాడు ఫిలిప్పీలో బెత్తపు దెబ్బలు తిని, కాళ్లకు బొండ (కదలనివ్వని కొయ్య) బిగించిన చెరసాలలో తేలాడు. పని సాఫీగా సాగితే దైవచిత్తం, అడ్డం తిరిగితే కాదు అనే లెక్క అక్కడ చెల్లదు. గిద్యోను నేల మీద గొర్రెబొచ్చు పరిచి, దాని మీద మంచు పడాలని దేవుణ్ని సూచన అడిగిన కథను మనవాళ్లు తరచుగా ఉదాహరిస్తారు గానీ, చేయవలసింది దేవుడు చెప్పేసిన తర్వాతే అతడు గొర్రెబొచ్చు పరిచాడన్న సంగతి మరిచిపోతారు. బైబిలు గుడ్డిగా తెరిచి వేలు పెట్టడం కూడా నేను చేసి చూశాను. దినవృత్తాంతాల వంశావళి వచ్చింది.

గిండీ దాటి తాంబరం వైపు వెళ్లే రైల్లో మీరు పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) స్టేషను చూసే ఉంటారు. ఆ పేరున్న కొండ మీదే యేసు శిష్యుడు, అపొస్తలుడైన తోమా హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చాడని ఇక్కడి సంప్రదాయం. యోహాను సువార్త 14వ అధ్యాయంలో, నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదు, దారి ఎలా తెలుస్తుందని అడిగినవాడు ఆయనే. మీ ప్రశ్నా అదే. దానికి వచ్చిన జవాబులో ఊరి పేరు లేదు, దిక్కూ లేదు. నేనే మార్గమని ప్రభువు అన్నాడు. నాకు ఆ జవాబు చాలాకాలం తప్పించుకునే మాటలా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఎందుకంటే ఆ పదిహేడు రోజుల్లో ఏం చేయాలో నేను ఒక్కసారైనా ప్రార్థనలో అడగవలసి రాలేదు. తలుపు తీయడానికి, బిడ్డకు పాలు తేవడానికి, ఆమె భర్తతో కలిసి ఆ ఇంటి బురద ఎత్తడానికి సూచనలు అక్కర్లేకపోయాయి. నా జీవితంలో అంత తేటగా నడిపింపు తెలిసిన రోజులు మరి లేవు.

మీ ఉద్యోగం విషయానికి వస్తే, జీతం, అమ్మానాన్నల ఆరోగ్యం, పిల్లల బడి, రెండు చోట్లా మీకు దొరికే సంఘం, వీటన్నిటినీ కాగితం మీద రాసి, మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. జ్ఞానం కొదువైతే అడగమని యాకోబు పత్రిక చెబుతోంది కదా, సూచన అడగమని కాదు. మిమ్మల్ని పొగడని పెద్దవాళ్లను ఒకరిద్దరిని సంప్రదించండి. రెండూ పాపం కాని దారులే అయితే, ఏదో ఒకటి ఎంచుకోవడానికి భయపడవద్దు. ఆ కంపెనీకి ఈలోగా జవాబు చెప్పవలసిన తేదీ ఉంటే మాత్రం దాన్ని దాటనివ్వకండి. మీ నిర్ణయం కోసం అక్కడ ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు.